ఏడ్చిన ప్రతిసారీ ఇవ్వలేదు, అప్పుడప్పుడు ఇచ్చాను. తప్పు అక్కడే జరిగిందా?

అలిపిరి_రోడ్డు_అమ్మ
మా బాబుకు ఐదేళ్లు. బడి నుంచి నడిచి వచ్చే దారిలో, మా సందు మొదట్లో ఒక చిల్లర అంగడి ఉంది. తోరణంలా వేలాడదీసిన చిప్సు ప్యాకెట్లు కనపడగానే వాడి కాళ్లు అక్కడే ఆగిపోతాయి. మొదట్లో అడిగినప్పుడల్లా కొనిచ్చాను. రాత్రి అన్నం సరిగా తినడం మానేశాడు. దసరా సెలవుల తరువాత ఇక ఇవ్వకూడదనుకున్నాను. అనుకున్నంత గట్టిగా నిలబడలేకపోయాను. ఒక రోజు మా అత్తగారు పక్కన ఉన్నారని ఇచ్చాను. ఒక రోజు వాన. ఒక రోజు ఎదురింటివాళ్లు చూస్తున్నారని సిగ్గేసి ఇచ్చాను. పది రోజుల్లో మూడు నాలుగు సార్లు ఇచ్చి ఉంటాను, అంతే.

ఇప్పుడు అంగడి ముందు నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఏమైనా సరే ఇవ్వనని ఈ సోమవారం ఒట్టు పెట్టుకున్నాను. సోమవారం 20 నిమిషాలు ఏడ్చాడు. మంగళవారం 35. నిన్న చెప్పులు విసిరేసి తలను షట్టరుకేసి కొట్టుకున్నాడు. వాడి తలకూ షట్టరుకూ మధ్య చేయి అడ్డం పెట్టి అలాగే నిలబడ్డాను. నా చేయి కమిలిపోయింది. నేను బిగుసుకున్నకొద్దీ వాడు ఇంకా మొండికేస్తున్నాడు. ఇది ఏదైనా జబ్బా? డాక్టరుకు చూపించాలా?

తిరుచానూరు_తాతయ్య
పసివాడిని నడివీధిలో అంతసేపు ఏడిపించడమా తల్లీ? పది రూపాయల ప్యాకెట్. ఇచ్చేయండి. మా మనవడు అడిగితే నేను లేదనను. వాడు బాగానే ఉన్నాడు.

కొర్లగుంట_కుమార్
రెండు తగిలిస్తే మూడో రోజుకు దారికి వస్తాడు. మేమంతా అలా పెరిగినవాళ్లమే.

కాళహస్తి_శైలజ
కుమార్ గారూ, నేనూ అలాగే పెరిగాను. నాకు నలభై దాటాయి. మా నాన్నగారి చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర వినపడితే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టి లేచి నిలబడతాను. గుండె దడదడలాడుతుంది. ఆయన ఇప్పుడు చాలా మెత్తబడ్డారు, నా పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని ఆడిస్తారు. ఆ సంగతి నా మనసుకు తెలుసు, నా ఒంటికే ఇంకా తెలియలేదు.

విశ్రాంత_అధ్యాపకుడు
శైలజ గారు రాసినది చాలా విలువైన మాట. దాని దగ్గరకు మళ్లీ వస్తాను. ముందు ఆ తల్లి అడిగినదానికి.

జబ్బు కాదమ్మా. తలకు గాయమయ్యేలా కొట్టుకున్నా, ఏ కారణమూ లేకుండా ఇంట్లో కూడా అలా చేస్తున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, వాడు నేర్చుకున్న పనిని శ్రద్ధగా చేస్తున్నాడు.

మా ఊళ్లో చేతిపంపు ఉండేది. రోజూ నాలుగు దెబ్బలకు నీళ్లిచ్చే పంపు ఒక రోజు ఇవ్వకపోతే, ఓ పదిహేను దెబ్బలు కొట్టి చూసి బిందె ఎత్తుకుని వెళ్లిపోతాం. ఒకసారి పది దెబ్బలకు, ఒకసారి నలభై దెబ్బలకు, మరోసారి మూడింటికే నీళ్లు కక్కే పంపు అయితే? అది పూర్తిగా ఎండిపోయినా వదలం. ఇంకో పది కొడితే వస్తుందేమోనని చెమటలు కారేదాకా కొడతాం. రోజూ కొనిచ్చినన్నాళ్లు మీరు మొదటి రకం పంపు. అప్పుడప్పుడు ఇవ్వడం మొదలుపెట్టాక రెండో రకం పంపు అయ్యారు.

దీన్ని అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త, పెట్టెలో ఉంచిన ఎలుకల మీద చూశారు. ఎలుక మీట నొక్కితే ఒక ఆహారపు గుళిక పడుతుంది. ఆ గుళికలను ఆయనే తయారు చేసుకునేవారు. ఒక శనివారం లెక్క చూసుకుంటే సోమవారం ఉదయానికే అయిపోయేలా ఉన్నాయి. దాంతో ప్రతి నొక్కుకూ ఇవ్వడం మాని నిమిషానికి ఒక్క గుళిక చొప్పున ఇచ్చారు. ఎలుకలు మానుకోలేదు, నొక్కుతూనే ఉన్నాయి. గుళికల కొరత వల్ల మొదలైన ఈ పరిశీలన తరువాత పెద్ద పరిశోధన అయింది. ఫెర్‌స్టర్ అనే సహచరుడితో కలిసి పావురాల మీద చేసిన పనిని 1957లో పెద్ద పుస్తకంగా వేశారు. ఎన్నో నొక్కుకు ఫలితం వస్తుందో ముందుగా తెలియకుండా నేర్పిన పని, ఫలితం ఆగిపోయాక కూడా చాలాకాలం నిలుస్తుంది. జూదపు యంత్రం ముందు మనిషిని కూర్చోబెట్టేది ఇదే.

ఇక మంగళ, బుధవారాల సంగతి. పంపు నీళ్లివ్వకపోతే మనం చేసే మొదటి పని వదిలేయడం కాదు, ఇంకా గట్టిగా కొట్టడం. మీ వాడు చేసింది అదే. ఫలితం ఆగిన కొత్తలో ప్రవర్తన ఒక్కసారిగా ఉధృతమవుతుంది. ఈ ఉధృతిలో మీరు ఇచ్చేశారా, 'తల కొట్టుకుంటే వస్తుంది' అనే కొత్త పాఠం వాడికి అందుతుంది. నిన్న చేయి అడ్డం పెట్టి, ప్యాకెట్ ఇవ్వకుండా నిలబడ్డారు చూడండి, అంతకన్నా సరైన పని లేదు.

అలిపిరి_రోడ్డు_అమ్మ
ఇది చదివి కళ్లనీళ్లు వచ్చాయి సార్. రోజూ ఇస్తే పాడవుతాడని, అప్పుడప్పుడు ఇస్తే నష్టం లేదని అనుకున్నాను. అందరూ 'మితంగా ఇవ్వు' అనే చెప్పారు.

విశ్రాంత_అధ్యాపకుడు
మితంగా ఇవ్వడంలో తప్పు లేదమ్మా. ఏడుపుకు బదులుగా ఇవ్వడంలోనే ఉంది చిక్కంతా. ఆదివారం భోజనమయ్యాక మీరే పిలిచి ఒక ప్యాకెట్ ఇస్తే ఏడుపుకూ దానికీ ముడిపడదు.

డీఎస్సీ_చిత్తూరు
నాకు ఒక సందేహం. పరీక్షకు చదువుతున్నాను, ఈ పాఠం దగ్గరే ప్రతిసారీ మార్కు పోతోంది. ఇది శాస్త్రీయ నిబంధనమా, కార్యసాధక నిబంధనమా? శైలజ గారి చెప్పుల చప్పుడు ఏ కోవలోకి వస్తుంది? ఋణాత్మక పునర్బలనం అంటే దండనే కదా?

పాడి_పలమనేరు
ఆ పేర్లు నాకు తెలియవు గానీ ముప్పై ఏళ్లుగా ఆవుల దగ్గర చూస్తున్నది చెబుతాను.

మా గౌరికి తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితుకుతాం. బకెట్ పిడి కణకణమంటే చాలు. నెమరు ఆపేస్తుంది, చెవులు ఇటు తిప్పుతుంది. నేను ఇంకా కొట్టంలోకి అడుగు పెట్టకముందే చేపుకు వస్తుంది. పొదుగు బిగిసి, చన్నుల చివర పాలచుక్క నిలుస్తుంది. దూడ లేదు, చేయి తగలలేదు, వినపడింది బకెట్ చప్పుడొక్కటే. అదే కొత్త మనిషి వచ్చి కూర్చుంటే పాలు ఎగచేపుతుంది. ఎంత పిండినా అర లీటరు రాదు.

మూడేళ్ల క్రితం పాలు పితికే యంత్రం తెచ్చాం. దాని మోతకు బెదిరి నాలుగు రోజులు పాలన్నీ బిగబట్టింది. అప్పుడు మా ఆవిడ ఒక పని చేసింది. యంత్రాన్ని కొట్టం బయట దూరంగా పెట్టి ఆడించి, ఆ మోత వినపడుతుండగా తౌడు, తెలగపిండి కలిపిన దాణా పెట్టింది. రోజుకు కాస్త దగ్గరకు జరిపింది. పది పన్నెండు రోజులకు మోత వినగానే చేపడం మొదలుపెట్టింది.

విశ్రాంత_అధ్యాపకుడు
అయ్యా, మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రవేత్త కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడికి సరిగ్గా ఇదే చేసింది. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా పెట్టి, రోజురోజుకూ దగ్గరకు జరిపింది. చివరకు వాడు ఆ కుందేలును నిమిరాడు. ఆ సంగతి ఏమీ తెలియకుండానే మీ ఇంటావిడ ఆవు దగ్గర సాధించింది.

డీఎస్సీ అమ్మాయికో అబ్బాయికో, గౌరితోనే జవాబు. చేపడం ఆవు కావాలని చేసే పని కాదు. దూడ కుడిస్తే మెదడు నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగి పొదుగులో పాలు విడుదలవుతాయి. అది పుట్టుకతో ఉన్న ప్రతిస్పందన. బకెట్ చప్పుడు దాని ముందు రోజూ వినపడి వినపడి, దూడ చేసే పని తానే చేస్తోంది. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల లాలాజలంలో చూసింది ఇదే. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. తిండి పెట్టకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు నోరూరడం ఆ పనిలోనే కంటపడింది. శైలజ గారి గుండెదడ ఈ కోవలోదే. అది శాస్త్రీయ నిబంధనం.

అంగడి ముందు ఏడుపు వేరు. అది పిల్లవాడు చేసే పని, దాని వెనుక ఫలితం వస్తుంది. ఫలితం పనిని నిలబెడుతుంది. అది కార్యసాధకం.

మూడో ప్రశ్నకు, కాదు. ఋణాత్మక పునర్బలనం దండన కాదు. దండన పనిని తగ్గిస్తుంది. పునర్బలనం, ధనాత్మకమైనా ఋణాత్మకమైనా, పనిని పెంచుతుంది. ఏదైనా బాధ తొలగిపోవడం వల్ల ఒక పని బలపడితే అది ఋణాత్మకం. ఉదాహరణ కోసం వెతకనక్కరలేదు. ప్యాకెట్ ఇవ్వగానే ఏడుపు టక్కున ఆగుతుంది. ఎదురింటివాళ్ల చూపులు ఆగుతాయి. తల్లికి ప్రాణం లేచి వస్తుంది. మరుసటి రోజు ఆమె ఇంకాస్త త్వరగా ఇస్తుంది. వాడికి ప్యాకెట్ ధనాత్మక పునర్బలనం, ఆమెకు ఏడుపు ఆగడం ఋణాత్మక పునర్బలనం. నేర్పుతున్నది తల్లి ఒక్కతే కాదు, పిల్లవాడు కూడా.

డీఎస్సీ_చిత్తూరు
అబ్బాయినే సార్. ఇన్నేళ్లలో ఇది ఇప్పుడే బుర్రకెక్కింది. 'బాధ పోయింది, పని పెరిగింది.' గోడ మీద రాసుకున్నాను.

అలిపిరి_రోడ్డు_అమ్మ
వాడు నాకు నేర్పుతున్నాడన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిజమే. వాడి ముఖం ఏడుపుకు తిరుగుతుండగానే నా చేయి పర్సు మీదకు వెళ్లేది. ఆలోచించి తీసిన రోజు ఒక్కటీ లేదు.

మెట్ల_దారి_మల్లిక్
నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. 3,550 మెట్లలో నాకు ఇష్టమైన చోటు గాలిగోపురం. అక్కడ కూర్చుని కోతులను చూస్తుంటే ఈ చర్చంతా కళ్లకు కడుతుంది.

గుడ్డ సంచి భుజాన ఉన్నవాళ్ల పక్క నుంచి కోతి మామూలుగా నడిచి వెళ్లిపోతుంది. చిరుతిండి ప్యాకెట్ గలగలమందా, ఇరవై గజాల దూరం నుంచి తల తిప్పుతుంది. పోయిన నెల ఒకావిడ కర్పూరం ప్యాకెట్ విప్పింది. అదే గలగల. కోతి లాక్కుని, కొరికి, ఉమ్మేసి, చేయి రాతికి రుద్దుకుంది. అరగంటయ్యాక ఇంకొకరు కర్పూరం తీస్తే అదే కోతి కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

మా నాన్నగారి కళ్లజోడు ఒక కోతి ఎత్తుకెళ్లింది. ఎవరో అరటిపండు విసిరితే కళ్లజోడు వదిలేసింది. అందరం చప్పట్లు కొట్టాం. అధ్యాపకుడు గారు రాసింది చదివాక తెలిసింది, ఆ రోజు మేమంతా కలిసి దానికి కళ్లజోళ్లు ఎత్తుకెళ్లడం నేర్పామని.

డీఎస్సీ_చిత్తూరు
మొదటి కర్పూరం సామాన్యీకరణం, అంటే ఒకేలా ఉన్నవాటిని ఒకటే అనుకోవడం. రెండోది విచక్షణ, అంటే వాటి మధ్య తేడా పట్టుకోవడం! మల్లిక్ అన్నా, పాఠ్యపుస్తకం మీరే రాయాలి.

చిత్తూరు_తెలుగు_టీచర్
అందరూ ఒకే దిక్కుకు కొట్టుకుపోతున్నారని నాకు అనిపిస్తోంది. ఎలుక, పావురం, ఆవు, కోతి అయ్యాయి. మనిషి బిడ్డ ఎక్కడ? వాడికి ఆకలి వేసిందా, బడిలో ఎవరైనా కొట్టారా, చెల్లి పుట్టాక అమ్మ దూరమైందని బాధపడుతున్నాడా, ఇవేవీ అడగకుండా మీట, గుళిక లెక్కలు వేస్తున్నారు. ఎలుకల్లో కూడా బహుమతే అంతా కాదు. 1930లో టోల్మన్, హాంజిక్ చేసిన ప్రయోగంలో కొన్ని ఎలుకలకు పది రోజులు ఏ తిండీ పెట్టకుండా చిక్కుదారుల్లో తిరగనిచ్చారు. పదకొండో రోజు తిండి పెట్టగానే, మొదటి నుంచీ తిండి తిన్న ఎలుకలతో దాదాపు సమానంగా దారి పట్టుకున్నాయి. అంటే అన్నాళ్లూ ఏ బహుమతీ లేకుండానే దారి నేర్చుకుంటూ ఉన్నాయి. తల లోపల ఏమీ లేదన్నట్లు మాట్లాడకండి.

విశ్రాంత_అధ్యాపకుడు
టోల్మన్ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. బహుమతి నేర్చుకోవడానికి కన్నా, నేర్చుకున్నది బయటపెట్టడానికే ఎక్కువ అవసరమని ఆ ప్రయోగం చూపించింది. స్కిన్నర్ వాదులకు అది ఇబ్బందే. ఆకలి గురించి అడగడం కూడా న్యాయమే. అమ్మా, బడి వదిలాక వాడు ఏమైనా తింటాడా?

అలిపిరి_రోడ్డు_అమ్మ
లేదండి. మధ్యాహ్నం పన్నెండుకు డబ్బా అన్నం. మూడున్నరకు బడి వదులుతారు. ఇంటికి వచ్చాక పాలు. టీచర్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. రేపటి నుంచి బడి గేటు దగ్గరే ఒక అరటిపండు పెడతాను. అంగడికి ముందే.

చిత్తూరు_తెలుగు_టీచర్
సంతోషం. గేటు దగ్గరే, ఏడుపు ఇంకా మొదలుకాకముందే. ఈ ఒక్క విషయంలో అధ్యాపకుడు గారితో నాకు పేచీ లేదు.

లెక్కల_మాస్టారు_పుత్తూరు
కుమార్ గారి 'రెండు తగిలిస్తే' దగ్గరకు వస్తాను. ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. మొదటి పదేళ్లు బెత్తం పట్టుకునే చెప్పాను. ఎక్కం తప్పితే అరచేతి మీద ఒకటి. తరగతి నిశ్శబ్దంగా ఉండేది, నేర్చుకుంటున్నారనుకున్నాను. ఒక రోజు సుద్దముక్క కోసం బల్ల సొరుగు గట్టిగా లాగాను. ముందు వరుసలో ఒక పాప రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది. బెత్తం ఆ సొరుగులోనే ఉండేది. చప్పుడుకే చేతులు వెనక్కి పోయాయి. ఆ పిల్ల తరువాత లెక్కల పుస్తకం తెరిచినా ముఖం పాలిపోయేది. బెత్తం నుంచి సొరుగుకు, సొరుగు నుంచి నాకు, నా నుంచి లెక్కలకు ఆ భయం పాకింది.

అమెరికాలో వాట్సన్, రేనర్ 1920లో చేసిన ప్రయోగం తరువాత ఎప్పుడో చదివాను. ఏడాది కూడా నిండని పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనుక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొద్ది రోజులకు ఎలుక కనపడితేనే ఏడ్చాడు. తరువాత కుందేలు, కుక్క, బొచ్చు కోటు చూసినా ఏడ్చాడు. ఆ భయాన్ని పోగొట్టకుండానే పంపేశారు. అది చదివి నాకు నిద్ర పట్టలేదు. వాళ్లు చేసింది ఒక్క పిల్లవాడి మీద. నేను పదేళ్లు, ప్రతి ఏడాదీ ఒక తరగతి మీద.

బెత్తం మానేసిన మొదటి నెల తరగతిలో గోల పెరిగింది. నాలుగో నెలకు ఆ పాప నల్లబల్ల దగ్గరకు వచ్చి ఒక భాగహారం చేసింది. తప్పు చేసింది. అయినా వచ్చింది.

కొర్లగుంట_కుమార్
మాస్టారూ, మీ మాట మనసులో నాటుకుంది. మా ఇంట్లో కూడా కొట్టగానే గోల ఆ నిమిషానికి ఆగుతుంది, మర్నాడు మళ్లీ మొదలు. ఆగింది కాబట్టి పనిచేసిందనుకున్నాను. అంటే ఇక్కడ కూడా నాకే పునర్బలనం అందుతోందా?

విశ్రాంత_అధ్యాపకుడు
అంతే. గోల ఆగడం కొట్టిన చేతికి బహుమతి. దండన ఆ పనిని కొంతసేపు అణచిపెడుతుంది, దాని బదులు ఏం చేయాలో నేర్పదు. మీరు ఇంత నిజాయితీగా అడగడం నాకు చాలా నచ్చింది.

టమాటా_తోట
మా ఊరు కౌండిన్య అభయారణ్యం అంచున ఉంది. ఏనుగులు పొలాల మీద పడితే టపాసులు పేల్చేవాళ్లం. మొదట్లో ఒక్క పేలుడుకు అడవిలోకి పరుగు. ఇప్పుడు పక్కనే పేలినా చెవులు విసురుకుంటూ చెరకు విరుచుకుంటున్నాయి. ఇది కూడా అదేనా?

విశ్రాంత_అధ్యాపకుడు
ఇది ఇంకా మూలమైనది, అలవాటుపడటం. చప్పుడు వెనుక ఏ కీడూ రాకపోతే ఆ చప్పుడుకు విలువ పోతుంది. పైగా నిలబడినందుకు చెరకు దొరుకుతోంది.

భాకరాపేట_భారతి
నాదొక చిన్న ముచ్చట. పదేళ్ల వయసులో కొండ దిగే బస్సులో, ఘాట్ మలుపుల్లో వాంతి చేసుకున్నాను. అంతకు గంట ముందు నిమ్మకాయ పులిహోర తిన్నాను. ఇప్పటికీ ఆ వాసన వస్తే కడుపులో తిప్పుతుంది. తిప్పింది బస్సని తెలుసు. ఒక్కసారికే ఇంత ముద్ర పడుతుందా? బస్సెక్కితే మాత్రం ఏమీ కాదు.

విశ్రాంత_అధ్యాపకుడు
పడుతుంది. గార్సియా, కోలింగ్ 1966లో ఎలుకల్లో చూపించారు. కడుపులో వికారం కలిగిస్తే రుచిని అసహ్యించుకున్నాయి, వెలుతురునూ చప్పుడునూ కాదు. కాళ్లకు కరెంటు తగిలిస్తే వెలుతురుకూ చప్పుడుకూ భయపడ్డాయి, రుచికి కాదు. ఏది దేనితో ముడిపడాలో శరీరం కొంత ముందే సిద్ధపడి ఉంటుంది. కడుపు చెడితే నిందను నాలుక మోస్తుంది, మీ బస్సు తప్పించుకుంది.

బైరాగిపట్టెడ_నాన్న
బహుమతుల గురించి నా అనుభవం కూడా చెప్పాలి. మా అమ్మాయికి కథల పుస్తకాలంటే ప్రాణం. ఇంకా చదివిద్దామని పేజీకి రూపాయి పెట్టాను. నెల రోజులు బాగా చదివింది. తరువాత పలుచటి పుస్తకాలు, పెద్ద బొమ్మలున్న పేజీలు వెతకడం మొదలుపెట్టింది. డబ్బు ఆపేశాను. పుస్తకమూ ఆగిపోయింది. ఉన్న ఇష్టాన్ని నేనే చెరిపేశానన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

చిత్తూరు_తెలుగు_టీచర్
నేను చెప్పదలచుకున్నదే మీరు చెప్పారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను మూడు జట్లు చేశారు. గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. ఒక జట్టుకు చెప్పకుండా చివర ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. వారం రెండు వారాలయ్యాక చూస్తే, ముందే ఒప్పందం చేసుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం తగ్గలేదు. బేరం పెట్టినప్పుడే పిల్లలు 'ఇది కూలిపని' అనుకుంటారు. మీ అమ్మాయి దగ్గర రాత్రిపూట మీరే ఒక కథ చదవడం మొదలుపెట్టండి. రూపాయి ఊసెత్తకండి.

విశ్రాంత_అధ్యాపకుడు
ఒప్పుకుంటాను. ఒక్క మాట కలుపుతాను: ఇష్టం అసలే లేని పని మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి పనికొస్తుంది, ఉన్న ఇష్టానికి వెల కట్టకూడదు. టీచర్ గారు దీనికి కూడా ఒప్పుకోరని తెలుసు.

చిత్తూరు_తెలుగు_టీచర్
ఒప్పుకోను. కానీ మీరు వినే మనిషి, అందుకని రాస్తూనే ఉంటాను.

అలిపిరి_రోడ్డు_అమ్మ
పది రోజులయింది. అందరికీ లెక్క చెప్పాలి కదా. గురువారం 40 నిమిషాలు. అది అన్నిటికన్నా ఘోరమైన రోజు. శుక్రవారం గేటు దగ్గర అరటిపండు తిన్నాడు, 15 నిమిషాలు ఏడ్చాడు. శనివారం 12. సోమవారం 5. మొన్న అంగడి దగ్గర ఆగి, నా ముఖంలోకి చూసి, పెదవి విరిచి మళ్లీ నడిచాడు. ఆ నిమిషంలో ఏం చేయాలో తెలియక, రైలు గేటు దాకా తీసుకెళ్లాను. గూడ్సు బండి వెళ్తోంది. పెట్టెలు లెక్కపెట్టాడు. నలభై ఏడు దాకా లెక్క తప్పలేదు. ముందుగా ఏమీ మాట ఇవ్వలేదు టీచర్ గారూ, బేరం పెట్టలేదు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. నిన్న నేను కూరగాయలు బేరమాడుతుంటే అంగడి ఆయన జాలిపడి ఒక చాక్లెట్ చేతిలో పెట్టేశాడు. వాడు ఏడవలేదు, ఊరికే నిలబడ్డాడు. ఆయనను ఏమనగలను?

కాళహస్తి_శైలజ
ఏడవనప్పుడు ఇచ్చాడు కాబట్టి నష్టం లేదు. ఆయనతో ఒక్క మాట చెప్పి ఉంచండి, ఏడుస్తున్నప్పుడు మాత్రం ఇవ్వవద్దని.

అలిపిరి_రోడ్డు_అమ్మ
సంక్రాంతి సెలవులయ్యాక మళ్లీ వచ్చాను. పది రోజులు మా అమ్మగారి ఊళ్లో ఉన్నాం. ఈ రోజు బడి తెరిచారు. అంగడి ముందు మళ్లీ కూర్చున్నాడు! 10 నిమిషాలు ఏడ్చాడు. చేసిందంతా మట్టిలో కలిసిపోయిందా?

డీఎస్సీ_చిత్తూరు
అక్కా, నేను చెబుతాను, సార్ ఆగండి! అది అయత్నసిద్ధ స్వాస్థ్యం. విరమణ జరిగిన, అంటే ఫలితం రాక ఆగిపోయిన ప్రవర్తన కొంత విరామం తరువాత దానంతటదే తిరిగి వస్తుంది. పావ్‌లోవ్ కుక్కల్లో కూడా వచ్చింది. కానీ మొదటంత బలంగా ఉండదు. మీ లెక్కే చూడండి, 40 ఎక్కడ, 10 ఎక్కడ? మీరు ఇవ్వకపోతే ఇంకా త్వరగా పోతుంది.

విశ్రాంత_అధ్యాపకుడు
పూర్తి మార్కులు.

అలిపిరి_రోడ్డు_అమ్మ
ఇవ్వలేదు తమ్ముడూ. పక్కన నేల మీద నేనూ కూర్చున్నాను. ఎదురింటివాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను.

తిరుచానూరు_తాతయ్య
మొదటి రోజు 'ఇచ్చేయండి' అని రాసింది నేనే. అన్నీ చదువుతూనే ఉన్నాను. మా మనవడు కూడా నా దగ్గరే ఎక్కువ ఏడుస్తాడు, వాళ్ల అమ్మ దగ్గర ఏడవడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. అలాగని నేను ఇవ్వడం మానలేను తల్లీ, నా వయసులో నాకున్న సంతోషం అదే.

అందుకని వేళ మార్చాను. ఇదివరకు వాడు కాళ్లు నేలకేసి కొట్టాక జేబులో చేయి పెట్టేవాడిని. నిన్న వాడు గేటు తీసుకుని లోపలికి రాగానే, ఇంకా చెప్పులు విడవకముందే పిలిచి వేరుశనగ ఉండ చేతిలో పెట్టాను. ఎందుకన్నట్లు నా ముఖంలోకి చూశాడు. 'ఏమీ లేదురా, వచ్చావు కదా' అన్నాను. సగం కొరికి, మిగతా సగం నా నోటికి అందించాడు. నాకు పై పళ్లు లేవు. చప్పరిస్తూ అరగంట ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.